నా లెక్కలో గాలి లేదు

పోయిన దసరాకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం పన్నెండున్నరకి మావయ్య ఫోన్ చేశాడు. ల్యాబ్‌లో ఉన్నానని కట్ చేశాను. మళ్ళీ చేశాడు. మావయ్య రెండోసారి చేశాడంటే ఏదో అయ్యిందనే అర్థం. బయటికొచ్చి ఎత్తాను.

"ఏమే కోడలా, క్లాసులో ఉన్నావా?"

"చెప్పు మావయ్యా."

"ఏం లేదే, బండి ఆగిపోయింది. జొన్నాడ దాటి వచ్చాను. ఇంకో ఎనిమిది కిలోమీటర్లలో కడియపులంక అనగా సున్నా చూపించి ఆగింది. నువ్వు 14 కిలోమీటర్లు మిగులుద్దన్నావు కదా, మరి ఎటు పోయిందో అడుగుదామని."

తిట్టలేదు. వెటకారం కూడా కాదు. నిజంగానే అడిగాడు. వెనకాల వాన చప్పుడు వినిపిస్తోంది. కడియపులంక మార్కెట్లో రెండో లోడు బంతిపూలు ఎదురుచూస్తున్నాయి. దసరా ముందు రెండో లోడు అంటే మావయ్యకి మామూలు రోజుల్లో వారం సంపాదన. ఆ రోజు ఆ లోడు వేరే వాళ్ళ డీజిల్ ఆటోలో వెళ్ళింది, కిరాయి వాళ్ళకి వెళ్ళింది. మావయ్య బండిని తాడు కట్టి లాక్కొచ్చారు.

ఆ 14 కిలోమీటర్లు ఎటు పోయాయో తెలుసుకోవడానికి నాకు దాదాపు నెల పట్టింది. తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, తెలుగులో ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే ఏమనుకోకండి.

నేను వేసిన లెక్క

మావయ్యది పూల రవాణా. తెల్లవారుజామున కడియపులంకలో పూలు ఎక్కించుకుని జొన్నాడ, రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్తాడు. దించేసి ఖాళీ బండితో వెనక్కి వస్తాడు. రానూ పోనూ 106 కిలోమీటర్లు, మీటర్ చూసి రాసుకున్నాడు. పాత డీజిల్ ట్రాలీ ఆటో పొగ ఎక్కువ, ఖర్చు ఎక్కువ. దాన్ని అమ్మేసి ఎలక్ట్రిక్ ట్రాలీ తీసుకుందామని సంక్రాంతికి మా ఇంటికొచ్చినప్పుడు అడిగాడు. "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు కదే, లెక్క తేల్చు" అన్నాడు.

కాగితం మీద రేంజ్ 150 కిలోమీటర్లు. షోరూమ్‌లో అబ్బాయి మాత్రం, లోడుతో తిరిగితే 120 వేసుకోండి అన్నాడట. నేను 120 లోంచి 106 తీసేశాను. పద్నాలుగు. "తీసేసుకో మావయ్యా" అన్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పు మాత్రం నాలుగేళ్ళు కట్టాలి.

ఆ 150 అబద్ధం కాదు. మన దేశంలో బండి రేంజ్ ఎంతో తేల్చడానికి ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థల్లో బండిని రోలర్ల మీద పెట్టి, ఒక నిర్ణయించిన పద్ధతిలో స్పీడు పెంచుతూ తగ్గిస్తూ నడుపుతారు. అన్ని కంపెనీల బళ్ళనీ ఒకే తక్కెడలో తూచాలంటే అలాగే చెయ్యాలి. కానీ ఆ రోలర్ల మీద వాన పడదు. గోదావరి వంతెన ఉండదు. ఈశాన్య గాలి ఉండదు. ఆ సంఖ్య రెండు బళ్ళని పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఒక మనిషి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అక్టోబర్‌లో వెళ్ళి రాగలడా అన్న ప్రశ్నకి అది జవాబు కాదు. నేను ఆ రెండిటినీ ఒకటే అనుకున్నాను.

బండి శక్తిని ఎవరు తింటారు?

సాఫీగా వెళ్తున్న బండికి అడ్డుపడేవి ముఖ్యంగా మూడు. ఎత్తు ఎక్కాల్సి రావడం, టైర్లు రోడ్డు మీద దొర్లేటప్పుడు నలగడం, ఎదురుగా ఉన్న గాలిని తోసుకుంటూ పోవడం.

మన డెల్టాలో మొదటిది దాదాపు లేదు. మారేడుమిల్లి ఘాటీలో అయితే ఎత్తే పెద్ద విషయం. కానీ కడియం నుంచి అమలాపురం దాకా వంతెనలు తప్ప ఎక్కేదేమీ లేదు. నేల ఇంత చదునుగా ఉంటే బండికి మంచిదే. అయితే మిగిలిన రెండూ, అంటే టైరూ గాలీ, పూర్తిగా వాతావరణం చేతిలో ఉంటాయి. కాబట్టి మన దగ్గర మైలేజీ పెరిగినా తగ్గినా కొండల్ని అనడానికి లేదు, ఆకాశాన్నే అనాలి.

గాలి సంగతి

గాలి అడ్డు స్పీడుతో పాటు మామూలుగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. స్పీడు రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లు. ఇది ఇంటర్లో చదివిందే. అయితే ఇక్కడ లెక్కలోకి వచ్చేది మీటర్లో కనిపించే స్పీడు కాదు, బండికీ గాలికీ మధ్య ఉన్న స్పీడు.

మావయ్య 40 స్పీడులో వెళ్తాడు. గాలి లేని రోజు బండికి తగిలే గాలి 40. వెనక నుంచి 25 కిలోమీటర్ల వేగంతో గాలి తోస్తే తగిలేది 15 మాత్రమే. అదే గాలి ఎదురొస్తే 65.

ఇప్పుడు వర్గాలు వేద్దాం. గాలి లేని రోజు 40 వర్గం 1600, రానూ పోనూ కలిపి 3200. గాలి ఉన్న రోజు పోయేటప్పుడు 15 వర్గం 225, వచ్చేటప్పుడు 65 వర్గం 4225. రెండూ కలిపితే 4450. అంటే దాదాపు 39 శాతం ఎక్కువ.

ఇది చూశాక నేను కాసేపు అలాగే కూర్చున్నాను. పోయేటప్పుడు ఎంత కలిసొస్తుందో వచ్చేటప్పుడు అంతే పోతుంది, చివరికి సమానం అని నేననుకునేదాన్ని. మీరూ అలాగే అనుకుని ఉంటారు. అది కాదు. గాలివాలు ఇచ్చేది తక్కువ, ఎదురుగాలి లాక్కునేది చాలా ఎక్కువ. గాలి ఉన్న రోజు వెళ్ళి తిరిగి వచ్చే బండి ఎప్పుడూ నష్టపోతుంది.

ట్రాలీ ఆటో లాంటి డబ్బా బండికి ఆ స్పీడులో శక్తి గాలికి సగం, టైర్లకి సగం పోతుందని వేసుకుందాం. అప్పుడు గాలి భాగం 39 శాతం పెరిగితే మొత్తం దాదాపు 20 శాతం పెరుగుతుంది. అంటే ఆ రోజు 106 కిలోమీటర్ల దారి బ్యాటరీకి 127 కిలోమీటర్లంత పని. బ్యాటరీలో ఉన్నది 120. ఏడు తక్కువ. మావయ్య ఆగింది ఎనిమిది కిలోమీటర్ల ముందు!

గాలి దారంతా సూటిగా ఉండదు, కొంతదూరం పక్క నుంచి కూడా కొడుతుంది. కాబట్టి లెక్క ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది. పక్కగాలి అయితే ఖర్చు ఉండదనీ అనుకోవద్దు. అది కూడా బండికి తగిలే మొత్తం గాలిని పెంచుతుంది, డబ్బా బండికి మరీనూ.

మరి ఆ రోజు గాలి ఎటు నుంచి? బంగాళాఖాతంలో అల్పపీడనం. మన వైపు భూగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది. అది సముద్రంలో మనకి తూర్పున ఉంటే, మన తీరం మీద గాలి ఉత్తరం వైపు నుంచి వీస్తుంది. కడియపులంక నుంచి అమలాపురం దక్షిణంగా, కొంచెం తూర్పుకి. అంటే పొద్దున్న గాలి మావయ్య వీపు తట్టింది. వచ్చేటప్పుడు మొహం మీద కొట్టింది.

అసలు మోసం ఇక్కడ జరిగింది. రోజూ అమలాపురం చేరేసరికి బ్యాటరీ సగం చూపించేది. ఆ రోజు 60 పైన ఉందట. "ఇవాళ బాగా మిగిలిందే" అని సంతోషించి, టిఫిన్ చేసే టైములో పెట్టే కాస్త చార్జింగ్ కూడా పెట్టలేదు. బండి ఖాళీదే కదా అని ధైర్యం కూడా. కానీ బరువు తగ్గితే టైర్ల భారం తగ్గుతుంది గానీ, గాలికి బరువుతో పని లేదు. దానికి బండి ఆకారం ఒక్కటే కనిపిస్తుంది. పూలున్నా లేకపోయినా డబ్బా డబ్బానే.

వాన, టైరు

గాలికి తోడు ఆ రోజు వాన. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద టైరు దొర్లడమే కాదు, ఆ నీళ్ళని పక్కకి నెట్టుకుంటూ పోవాలి. సైకిల్ మీద వానలో కాలవ గట్టు వెంట వెళ్ళిన వాళ్ళకి ఇది తొడలకి తెలిసిన విషయమే.

ఇంకోటి, వాన నీళ్ళు టైరుని చల్లబరుస్తాయి. టైరు దొర్లుతున్నప్పుడు రబ్బరు ప్రతి చుట్టులో నొక్కుకుని మళ్ళీ లేస్తుంది. ఆ నలుగుడులో కొంత శక్తి వేడిగా పోతుంది. రబ్బరు వెచ్చగా ఉంటే ఈ నష్టం తక్కువ, చల్లగా ఉంటే ఎక్కువ.

మూడోది టైర్లో గాలి. వేడి తగ్గితే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. 45 డిగ్రీల మే నెల ఎండలో 30 పీఎస్ఐ పెట్టించిన టైరు, 25 డిగ్రీల వాన రోజుకి దాదాపు 3 పీఎస్ఐ దిగిపోతుంది, పంక్చర్ ఏమీ లేకుండానే. మావయ్య వేసవి తర్వాత గాలి చూపించలేదని తర్వాత ఒప్పుకున్నాడు. గాలి తగ్గిన టైరు ఇంకా ఎక్కువ నలుగుతుంది, ఇంకా ఎక్కువ తింటుంది.

అంటే నా లెక్కలో బయటి గాలీ లేదు, టైర్లో గాలీ లేదు.

ఎండ మంచిదా, చెడ్డదా?

ఇది నేను అసలు ఊహించనిది. రోహిణి కార్తెలో బండి రేంజ్ ఎక్కువ రావాలి. నిజంగానే వచ్చింది. మే నెలలో బాగా ఎండ కాసిన రోజుల్లో ఇంటికొచ్చేసరికి మామూలు కన్నా ఎక్కువ చార్జింగ్ మిగిలేదని మావయ్య చెప్పాడు.

ఎందుకంటే వేడి గాలి పలచన. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 6 శాతం తక్కువ, అంత మేరకి అడ్డూ తక్కువ. మన డెల్టా ఉక్కపోత కూడా దీనికి సాయమే చేస్తుంది. నీటి ఆవిరి అణువు భారం 18, పొడి గాలిది సగటున 29. కాబట్టి తేమ గాలి పొడి గాలి కన్నా తేలిక. ఉక్కపోతలో గాలి బరువుగా ఉన్నట్టు మనకి అనిపిస్తుంది గానీ, అది మన చెమట ఆరకపోవడం వల్ల. టైర్లు వెచ్చగా ఉంటాయి, బ్యాటరీ లోపలి నిరోధం కూడా వేడికి తగ్గుతుంది.

అయితే ఇది ఉచితం కాదు. బ్యాటరీ లోపల మనకి అక్కర్లేని రసాయన చర్యలు కూడా వేడికి వేగం పుంజుకుంటాయి. పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని మోటుగా ఒక లెక్క చెబుతారు. ఇ-రిక్షాల్లో ఇప్పటికీ కనిపించే లెడ్ యాసిడ్ బ్యాటరీలకి ఇది బాగా వర్తిస్తుంది. లిథియం బ్యాటరీ కూడా వేడికి త్వరగా ముసలిదవుతుంది. ఎండలో తిరిగొచ్చి, ఇంకా కాలుతున్న బ్యాటరీకి వెంటనే చార్జింగ్ పెట్టడం దానికి పెద్ద శిక్ష. 2022 వేసవిలో ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడిన వార్తలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రతా నిబంధనల్ని గట్టిగా సవరించింది.

నాకు అర్థమైంది ఇది. వాన, గాలి ఈ రోజు మైలేజీని తింటాయి. ఎండ ఈ రోజు మైలేజీ పెంచినట్టే పెంచి, మూడేళ్ళ తర్వాతి మైలేజీని తింటుంది. మొదటిది మీటర్లో కనిపిస్తుంది. రెండోది కనిపించదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మావయ్య నాలుగేళ్ళ అప్పులో రెండోది చాలా పెద్ద విషయం.

ఏసీ కారైతే కథ వేరు

మావయ్య ట్రాలీకి ఏసీ లేదు కాబట్టి ఎండ కలిసొచ్చింది. కారుకి అలా కాదు. అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంస్థ 2019లో ఐదు ఎలక్ట్రిక్ కార్లని పరీక్షించింది. 35 డిగ్రీల వేడిలో ఏసీ వేస్తే రేంజ్ సగటున 17 శాతం తగ్గింది. అదే వేడిలో ఏసీ ఆపేస్తే తగ్గింది 4 శాతమే. అంటే తినేది ఎండ కాదు, ఎండ నుంచి మనల్ని కాపాడే యంత్రం. వాళ్ళు వేడికి గీత గీసిన ఆ 35 మనకి రాజమండ్రిలో మార్చి నెల మధ్యాహ్నం.

పైగా మన దగ్గర తేమ. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులో ఆవిరిని నీళ్ళు చెయ్యాలి. కారు కింద టపటపా కారే నీళ్ళు అవే. ఒక లీటరు ఆవిరి నీరుగా మారితే దాదాపు 0.67 యూనిట్ల వేడి బయటపడుతుంది, దాన్ని ఏసీ బయటికి తోడాలి. అందుకు పావు యూనిట్ పైనే కరెంట్ పడుతుంది. చిన్న ఎలక్ట్రిక్ కారు ఆ కరెంట్‌తో రెండు కిలోమీటర్లు వెళ్తుంది. అదే 35 డిగ్రీలైనా, పొడిగా ఉండే ఊళ్ళో కన్నా కాకినాడలో ఏసీకి పని ఎక్కువ.

ఇక చలి. అదే పరీక్షలో సున్నాకి దాదాపు 7 డిగ్రీలు కిందకి వెళ్ళి హీటర్ వేస్తే రేంజ్ 41 శాతం పడిపోయింది. 2024 జనవరిలో షికాగో చలికి చార్జింగ్ స్టేషన్ల దగ్గర ఎలక్ట్రిక్ కార్లు బారులు తీరి ఆగిపోయాయి. ఎం.ఎస్.కి వెళ్ళి అక్కడ కారు కొనే సీనియర్లు ఇది గుర్తుపెట్టుకోండి. మనకి ఆ భయం లేదు. భోగి మంటల పొద్దున్న మనం వణుకుతాం గానీ, బ్యాటరీకి అది చలే కాదు.

పెట్రోల్ బండికి ఇవేవీ లేవా?

ఉన్నాయి. గాలి, వాన, టైర్లు అన్నిటికీ ఒకటే. కానీ పెట్రోల్ ఇంజన్ తాగిన దాంట్లో పావు వంతో, కాస్త ఎక్కువో మాత్రమే చక్రాలకి వెళ్తుంది. మిగతాదంతా వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ బండి తీసుకున్న దాంట్లో ఎక్కువ భాగం చక్రాలకే వెళ్తుంది. వృథా తక్కువ కాబట్టి బయట పని పెరిగితే ఆ పెరుగుదల ఉన్నదున్నట్టు మీటర్లో కనిపిస్తుంది. పైగా పెట్రోల్ అయితే దారి పొడుగునా బంకులు. వాన రోజు స్కూటీ ఒక లీటరుకి ఐదు కిలోమీటర్లు తక్కువ ఇచ్చినా మనం చూసుకోం. డీజిల్ ట్రాలీ ఉన్నన్నాళ్ళూ ఈశాన్య గాలి మావయ్య దగ్గర డబ్బులు తీసుకుంటూనే ఉంది. ఎప్పుడూ రసీదు ఇవ్వలేదు, అంతే.

మన పాతవాళ్ళకి ఈ లెక్క తెలుసు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో కాలవలే రోడ్లు. ధాన్యం పడవల మీద వెళ్ళేది. గాలివాలు ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ పడవని తాడుతో లాగేవాళ్ళు. బయల్దేరే ముందు గాలి ఎటుందో చూడని పడవవాడు ఉండడు. ఇంజన్ వచ్చాక మనం చూడటం మానేశాం. బ్యాటరీ వచ్చి మళ్ళీ చూడమంటోంది.

ఇప్పుడు

దసరా తర్వాత ఆదివారం కడియం వెళ్ళాను. "సారీ మావయ్యా" అన్నాను. అత్తయ్య కాఫీ ఇస్తూ, "దానికేం తెలుస్తుందండీ చిన్నపిల్ల" అంది. అది ఇంకా బాధగా అనిపించింది. మావయ్య మాత్రం, "లెక్క తప్పు కాదే, నీ లెక్కలో గాలి లేదు, అంతే" అన్నాడు.

ఇద్దరం కూర్చుని కొత్త లెక్క వేశాం. ఈసారి 106 ని సగటు రోజుతో కాదు, సంవత్సరంలో అన్నిటికన్నా చెడ్డ రోజుతో పోల్చాం. మేం పెట్టుకున్న పద్ధతి ఇది. తెల్లవారుజామున బయల్దేరే ముందు ఫోన్లో గాలి దిక్కు, వేగం చూడాలి. ఉత్తరం నుంచో ఈశాన్యం నుంచో గాలి 15 దాటితే, మీటర్ ఎంత చూపించినా సరే, అమలాపురంలో టిఫిన్ టైములో చార్జింగ్ పెట్టాలి. వచ్చేటప్పుడు ఎదురుగాలి ఉంటే స్పీడు 40 నుంచి 30 కి దించాలి. ఎదురుగాలి 25 అయితే ఈ ఒక్క పనితో గాలి అడ్డు 4225 నుంచి 3025 కి పడుతుంది. పదిహేను రోజులకోసారి టైర్లలో గాలి. వేసవిలో ఇంటికి రాగానే వేపచెట్టు కింద అరగంట పెట్టి, బ్యాటరీ చల్లబడ్డాకే చార్జింగ్.

మావయ్య పూల లెక్కల పుస్తకంలో ఇప్పుడు ఒక కొత్త గడి ఉంది. తేదీ, ఎన్ని గంపలు, ఎంత కిరాయి, ఆ పక్కన గాలి ఎటు, వాన ఉందా, ఇంటికొచ్చేసరికి ఎంత మిగిలింది. నేను వెళ్ళినప్పుడల్లా ఫోటో తీసుకుని స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కిస్తున్నాను. మొన్న ఒక రోజు చూస్తే అందులో "ఉ. గాలి, వాన, 9" అని ఉంది. అంటే అల్పపీడనం రోజే బండి ఇంటికి చేరింది, ఇంకా తొమ్మిది శాతం మిగిలింది.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఎలక్ట్రిక్ బండి గురించి అడుగుతారు, మీరు ఇంజనీరింగ్ చదువుతున్నారు కాబట్టి. కాగితం మీది సంఖ్యలోంచి దూరం తీసేసి జవాబు చెప్పకండి. ఏ దారిలో, ఏ నెలలో, గాలి ఎటు ఉన్నప్పుడు అని ముందు అడగండి.